నేనొచ్చి చెప్పేదాకా

హోటల్ లాండ్రీలో కుర్చీలుండవు. ఉతికే మిషన్లు ఒక వరస, ఆరబెట్టేవి ఒక వరస, మధ్యలో ఆవిరితో బుసలుకొట్టే పెద్ద ఇస్త్రీ రోలరు. ఇద్దరు ఆడవాళ్లు చెరో కొసా పట్టుకుని తడి దుప్పటిని దాని నోటికి అందిస్తే, అవతల నుంచి కొత్త కాగితంలా పెళపెళలాడుతూ బయటికొస్తుంది. పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నం ఎండ వాలేదాకా నిలువుకాళ్ల మీదే.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని, మన మంచి కోరే కుర్చీలన్నీ తీయించేశాడమ్మా సూపర్‌వైజరు" అని రెండో కొస పట్టుకునే అక్క రోజుకోసారైనా అనేది. మొదటి కొస పట్టుకునే ఆమె నవ్వేది. మొగుడు పోయి మళ్లీ పనిలోకొచ్చిన రోజు కూడా అదే మాటకి నవ్వింది. నవ్వాక, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసుకుంది.

మొగుడు ఇళ్లకు రంగులేసే పెయింటరు. ఊరందరి గోడలకీ రంగులేసి తన ఇంటి గోడకి సున్నం కూడా కొట్టనివాడు. మేడమీద ఒక గది, ఒక వంటిల్లు. కిటికీకీ బీరువాకీ మధ్య గోడ పెచ్చులూడి, పడుకున్న కుక్కలా ఒక తడి మరక ఉండేది. "ఆదివారం వేస్తా" అనేవాడు. ఆదివారాలు ఎక్కడికి పోయాయో గాని ఆ గోడ మాత్రం అలాగే ఉండిపోయింది.

చెడ్డవాడని ఎవరూ అనలేరు. పొద్దున పూట అతన్ని చూస్తే ముచ్చటేసేది. కూతురికి తనే జడలు వేసేవాడు. గలగలా వాగుతుందని "పిచ్చుక" అని పేరు పెట్టింది కూడా అతనే. దాంతో బడిలో తప్ప అసలు పేరుతో ఆ పిల్లని పిలిచేవాళ్లే లేకుండా పోయారు. కానీ సాయంత్రం దీపాల వేళకి అతని ఒంట్లో మందు పడేది. అప్పుడు ఏది తప్పో ఏది ఒప్పో ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. నిన్న పిల్ల గోడ మీద బొమ్మ గీస్తే "నా రక్తమే" అని ఎత్తి ముద్దాడినవాడు, ఇవాళ అదే బొమ్మకి చెయ్యి చేసుకునేవాడు. గట్టిగా నవ్వితే తప్పు. నవ్వకపోతే మూతి ముడిచావనేవాడు. పిల్లకి తప్పొప్పులు తెలియలేదు గాని వాసనలు బాగా తెలిశాయి. మెట్ల మీద అడుగు పడగానే ముక్కుపుటాలు కదిలేవి. రంగులో కలిపే టర్పెంటైన్ వాసన ఒక్కటే అయితే ఎదురు పరిగెత్తేది. రెండో వాసన కూడా కలిసి ఉంటే మంచం పక్కకి జరిగి, ముడుచుకుని చిన్నదైపోయేది.

అతనికి ఇష్టమైన శిక్ష ఒకటే. ఆ పెచ్చులూడిన గోడకి మొహం పెట్టి నిలబడాలి. "నేనొచ్చి చెప్పేదాకా కదిలావో..." అనేవాడు. కాసేపటికి వచ్చి, "ఊఁ... చాల్లే. కూర్చో" అనేవాడు. ఒక్కోసారి మరిచిపోయి నిద్రపోయేవాడు. అప్పుడు తల్లి లేపేది. "ఒక్క మాట అనండి, పిల్ల కూర్చుంటుంది" అని బతిమాలేది. తనే కూర్చోబెడితే తెల్లవార్లూ రభస. అందుకని అతని నోటితోనే అనిపించేది. అంతేనా? తన మాట వినకపోతే "నాన్న రానీ, చెప్తా నీ పని" అని పిల్లని బెదిరించేది కూడా ఆమే. పిల్ల వెంటనే వినేది. పని సులువయ్యేది.

అతను పోయిన సాయంత్రం ఆమె ఇంట్లోనే ఉంది. పిల్ల మోచెయ్యి తగిలి గ్లాసు ఒలికింది. అతను అరవలేదు. గోడ వైపు వేలు చూపించాడు, అంతే. పిల్ల వెళ్లి నిలబడింది. సీసా ఖాళీ అయిందని చెప్పులేసుకుంటూ, "నేనొచ్చి చెప్పేదాకా" అన్నాడు. సందు చివర దుకాణానికి పోయాడు. తిరిగొస్తుంటే మలుపులో లారీ.

తర్వాత ఏముంది? జనం, ఆసుపత్రి, పోలీసులు, ఏడుపులు. ఇల్లంతా మనుషులు. ఆ మనుషుల మధ్యలో, కిటికీకీ బీరువాకీ నడుమ, ఒక చిన్న పిల్ల గోడకి మొహం పెట్టుకుని నిలబడి ఉంది. తండ్రి పోయిన దుఃఖంలో ఉందనుకున్నారు అందరూ. తల్లి కూడా అలాగే అనుకుంది.

*

చుట్టాలు వెళ్లిపోయిన మొదటి సాయంత్రం సంగతి బయటపడింది.

వీధి దీపాలు వెలిగాయి. పిల్ల తింటున్న కంచం వదిలేసి లేచి, వెళ్లి గోడ దగ్గర నిలబడింది.

"ఏంటే, ఇలా రా. తిను."

పిల్ల గోడకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

పొద్దున్నుంచీ అలిసిపోయిన తల్లి, అలవాటు కొద్దీ నోరు జారింది. "నాన్న రానీ, చెప్తా..." అని, నాలుక కరుచుకుంది.

పిల్ల తల తిప్పకుండానే గుసగుసగా అడిగింది. "ఎప్పుడొస్తాడు?"

తల్లి లేచింది. వెళ్లి కావలించుకుంది. "ఇంక నిలబడక్కర్లేదు తల్లీ. నేను చెప్తున్నా కదా, కూర్చో."

"నువ్వు కాదు" అంది పిల్ల.

ఎత్తుకొచ్చి పడుకోబెట్టింది. కళ్లు మూసుకుని నిద్రపోతూనే పిల్ల లేచింది. నిద్రలోనే నడిచింది. నిద్రలోనే గోడకి నుదురు ఆనించి నిలబడింది. మళ్లీ తెచ్చి పడుకోబెట్టింది. మళ్లీ లేచింది. తెల్లారి పాలబండి గంట మోగాక గాని ఆ మోకాళ్లు వంగలేదు.

రోజూ అంతే. వెలుతురుండగా మామూలు పిల్ల, కాస్త మందకొడిగా, బడిలో బెంచీ మీద తల వాల్చి. దీపాలు వెలిగితే గోడ. కాళ్లు వాచాయి. చెంపలు లోపలికి పోయాయి. డాక్టరు కళ్లు లాగి చూసి, నీరసమని బలం మాత్రలు రాశాడు. బెంగమ్మా, అదే పోతుందన్నాడు. ఒక సాయంత్రం పిల్లని తీసుకుని లాండ్రీ అక్క ఇంటికి పోయి పడుకుంది. గోడ మారితే బుద్ధి మారుతుందేమోనని ఆశ. దీపాలు వెలిగాయి. పిల్ల లేచి, ఆ కొత్త ఇంట్లో ఎన్నడూ చూడని గోడని వెతుక్కుని నిలబడింది. అక్క పిల్లలు భయపడి ఏడ్చారు. "ఏమీ అనుకోకమ్మా..." అని అక్క తలుపు దాకా వచ్చి సాగనంపింది.

ఇంతలో ఇంకొకటి మొదలైంది.

ఒక రాత్రి గదిలో దీపం వెలిగించి, పిల్ల వీపునే చూస్తూ కూర్చుందామె. కింద వీధి సద్దుమణిగింది. మెట్ల మీద అడుగు పడింది. బరువైన అడుగు, దాని వెనక ఈడ్చుకొస్తున్న అడుగు. మధ్యలో ఆగి గోడ పట్టుకుంటున్న చప్పుడు. మళ్లీ అడుగు. తలుపు దాకా వచ్చి ఆగింది.

తలుపు కింద సందులోంచి వాసన లోపలికి పాకింది. టర్పెంటైన్. దాని వెనకే పుల్లగా, వెచ్చగా, రెండో వాసన...

ఎవరూ తలుపు తట్టలేదు. అవతల ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తాగినవాడికి తాళం కన్నం దొరకదు కదా, అనుకుంది. ఆ మాట తనే అనుకున్నందుకు కొంగుతో నోరు మూసుకుంది.

"వచ్చాడు" అంది పిల్ల, పెదవులు కదలకుండా. "చెప్పమను అమ్మా."

ఆమె మోకాళ్ల మీద పాకుతూ తలుపు దాకా వెళ్లింది. "ఏమండీ..." అంది. ఇన్నేళ్లూ బతిమాలిన గొంతుతోనే బతిమాలింది. "ఒక్క మాట అనండి. పిల్ల కూర్చుంటుంది."

అవతల ఊపిరి ఆగింది. వింటున్నట్టే ఉంది. తర్వాత నెమ్మదిగా మళ్లీ మొదలైంది. మాట మాత్రం రాలేదు.

బతికున్నప్పుడు లేపితే అన్నా అనేవాడు. చచ్చి సాధించడమంటే ఇదేనేమో.

*

దిక్కుతోచక ఆడపడుచుకి కబురు పెట్టింది. పెయింటరు కంటే పెద్దది, చొక్కాలకు గుండీలు కుట్టే పని చేస్తుంది. ఓ మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. పిల్ల మంచం మీద ఆదమరిచి నిద్రపోతోంది. వదిన ఆ వాచిన కాళ్లని ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది.

"నిలబడుతోందా?" అంది.

"నీకెలా తెలుసు వదినా?"

వదిన కొంగు కొస వేలికి చుట్టుకుంది. "మా నాన్న కూడా మా తమ్ముణ్ణి అలాగే నిలబెట్టేవాడమ్మా. ఒకరోజు నిలబెట్టి, బయటికి పోయి, ఇంక రాలేదు. కాలవలో తేలాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది? దీపాలు పెట్టే వేళకి వాడు గోడ దగ్గరికి పోయేవాడు. మా అమ్మ మొక్కని దేవుడు లేడు. ఎండుకట్టె అయిపోయాడు. ఇంక దక్కడనుకున్నాం. మా అమ్మ పెట్టె అడుగున నాన్న దాచుకున్న సీసా ఒకటి ఉండేది. వాడికి తెలుసనుకోలేదు. మీసాలైనా రాని పిల్లాడు, ఓ సాయంత్రం దాన్ని తీసి గడగడా తాగేశాడు. తాగి, గోడ దగ్గరికి పోయి, వాడికి వాడే చెప్పుకున్నాడు." వదిన గొంతు బాగా తగ్గింది. "ఊఁ, చాల్లే, కూర్చో అని. అచ్చం నాన్న గొంతే అనుకో. వెంటనే కూలబడ్డాడు."

వంటింట్లో కుళాయి చుక్క చుక్కగా కారుతోంది.

"వాడు కూర్చున్నాడని నేనెంత సంతోషపడ్డానో తెలుసా?" అంది వదిన. "అప్పుడు పట్టుకున్న సీసా మళ్లీ దించలేదు వాడు."

ఇద్దరూ మంచం వైపు చూశారు. జడలు ఊడిపోయి, నోరు తెరుచుకుని, ఆ పిచ్చుక గూట్లోంచి పడ్డ పిల్లలా పడుకుని ఉంది.

"వాడి గొంతు కావాలి దీనికి" అంది వదిన, లేస్తూ. "ఎవరో ఒకరు ఇవ్వాలి. లేదంటే పెద్దయ్యాక అదే తెచ్చుకుంటుంది. ఈలోగా దక్కితే." చెప్పులేసుకుని, మెట్లు దిగుతూ వెనక్కి తిరగలేదు.

*

మర్నాడు పనయ్యాక ఆమె సరాసరి సందు చివర దుకాణానికి పోయింది. మగవాళ్లు మాటలు ఆపి దారి ఇచ్చారు. ఏం అడగాలో తెలియక కౌంటరు దగ్గర నిలబడితే, దుకాణదారు ఆమె మొహం చూసి తలొంచుకుని, "ఆయన తాగేదేనా అమ్మా?" అన్నాడు. జవాబు కోసం చూడకుండానే సీసా కాగితంలో చుట్టి ఇచ్చాడు.

దీపాలు వెలిగాయి. పిల్ల వెళ్లి నిలబడింది.

ఆమె వంటింటి గడప మీద కూర్చుని మూత తిప్పింది. మొదటి గుక్కకి గొంతు కాలిపోయింది. దగ్గింది. కళ్లల్లోంచి నీళ్లు కారాయి. ముక్కు మూసుకుని ఇంకో గుక్క. కడుపులో ఎవరో కుంపటి పెట్టినట్టయింది. తర్వాత ఆ వేడి పైకి, చెవుల్లోకి వచ్చింది. దీపం చుట్టూ పసుపు బూజు కట్టింది.

"కూర్చో తల్లీ" అంది.

పిల్ల కదల్లేదు.

గొంతు బరువుగా చేసి, అతను అన్నట్టు అంది. "ఊఁ. చాల్లే. కూర్చో."

కదల్లేదు. అమ్మ నాన్నలా నటిస్తోంది, అంతే. పిల్లకి తెలుసు.

ఇంకా తాగింది. మెట్ల మీద అడుగు పడింది. ఈడ్చిన అడుగు... ఆగింది... మళ్లీ అడుగు... తలుపు దగ్గరికి వచ్చి నిలిచింది. ఇవాళ ఆమెకి వాసన తెలియలేదు. ఆ వాసనే తన నోట్లో ఉంది.

అప్పుడు పిల్ల బడి సంచి కంటపడింది. గది మధ్యలో పడేసి ఉంది. మూత తీసిన పెన్ను, చాప మీద సిరా. ఎన్నిసార్లు చెప్పాను? ఎందుకో ఒళ్లంతా సలసలా కాగింది. పొద్దున్నుంచీ నిలువుకాళ్ల మీద చచ్చేది నేను. ఇంటికొస్తే ఈ గోడ, ఈ వీపు, ఈ మొండితనం. ఎవరి మీద సాధిస్తోంది ఇది? నాకంటే దీనికి వాడే ఎక్కువా? ఆమె లేచింది. తూలింది. చెయ్యి పైకి లేచింది. ఆ చెయ్యి తనదే. దాన్ని ఎత్తింది మాత్రం తను కాదు... లేక తనేనా?

చెయ్యి గాల్లోనే ఆగింది. నోరు తెరుచుకుంది.

"ఊఁ... చాల్లే. కూర్చో."

అరుపేమీ కాదు. విసుగ్గా, మత్తుగా, ఎక్కడో అడుగునుంచి వచ్చిన మాట. ఆమె అనుకోకముందే వచ్చేసింది.

పిల్ల మోకాళ్లు వంగాయి. దారం తెగిన బొమ్మలా నేల మీద కూలబడింది. తల్లి సీసా వదిలేసి దగ్గరికి పరిగెత్తింది. కావలించుకోబోతే పిల్ల రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని, మంచం పక్కకి జరిగి, చిన్నదైపోయింది. ముక్కుపుటాలు కదులుతున్నాయి.

"నేనే. అమ్మని."

పిల్ల చేతులు దించలేదు. అలాగే, తల కప్పుకునే, నిద్రలోకి జారిపోయింది. ఆ రాత్రి మళ్లీ లేవలేదు. తల్లి మిగిలిన మందంతా తూములో పోసి, సీసా పగలగొట్టి చెత్తలో వేసింది. తర్వాత ఎప్పుడు పడుకుందో ఆమెకి గుర్తులేదు.

*

పొద్దున్నే పిల్ల మాటలకి మెలకువ వచ్చింది. పిల్ల తనంతట తనే మొహం కడుక్కుని, కిటికీ దగ్గర కూర్చుని రొట్టె తింటోంది. కాళ్లు ఊపుతూ తింటోంది. బడిలో ఎవరి పన్ను ఊడిందో, ఎవరు ఏడ్చారో, ఆగకుండా చెబుతోంది. ఎన్నాళ్లకి విందో ఆ వాగుడు. తల్లికి తల పగిలిపోతున్నా, కాళ్లు ఎందుకో దుంగల్లా బరువెక్కి ఉన్నా, గుండె మాత్రం తేలికైంది. దువ్వెన తెచ్చుకుని జడలు వెయ్యడానికి వెనక కూర్చుంది.

"రాత్రి నేను చెప్పగానే కూర్చున్నావు. బంగారు తల్లివి" అంది.

పిల్ల రొట్టె నములుతూ అంది. "నువ్వెక్కడ చెప్పావమ్మా? నాన్న చెప్పాడు."

"నేనే చెప్పానే. నీ వెనకే ఉన్నా."

"వెనక కాదు. నువ్వు నా పక్కనే, గోడ దగ్గర నిలబడ్డావు కదా. నన్ను కూర్చోమన్నాడు." పిల్ల కాస్త ఆగింది. "నిన్ను అనలేదు."

దువ్వెన జడలోనే ఆగిపోయింది.

కల కని ఉంటుందని తనకి తాను చెప్పుకుంది. లాండ్రీలో దుప్పటి కొస పట్టుకుని అదే చెప్పుకుంది. పక్క అక్క కుర్చీల జోకు వేసింది. ఆమె నవ్వలేదు. సాయంత్రం ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లకి వడ్డించి, తను కూడా కంచం పెట్టుకుంది. కిటికీ అవతల వీధి దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

పిల్ల లేవలేదు. తింటూనే ఉంది. దేవుడా, అనుకుంది తల్లి.

అప్పుడు చూసుకుంది. తన కంచం వెనక నేల మీదే ఉండిపోయింది. తను దాని దగ్గర లేదు. ఎదురుగా, కళ్లకి ఆనుకునేంత దగ్గరగా, పెచ్చులూడిన గోడ ఉంది.

వెనక్కి తిరగబోయింది. మెడ తిరగలేదు. మోకాళ్లు వంచబోయింది. వంగలేదు. పళ్లు బిగించి, తొడల మీద చేతులతో నొక్కుకుంటూ, బలమంతా పెట్టింది. చెమటలు కారాయి. పిల్లకి తెలియకూడదు. తెలిస్తే...

కంచం పక్కకి జరిపిన చప్పుడు. చిన్న అడుగులు దగ్గరికొచ్చాయి. తడి చెయ్యి ఒకటి ఆమె వేళ్లు పట్టుకుంది.

"భయపడకమ్మా" అంది పిల్ల, గుసగుసగా. "నేను పెద్దయ్యాక చెప్తాలే, నిన్ను కూర్చోమని."

"వద్దు" అంది తల్లి. "వద్దు తల్లీ. నాకు బాగానే ఉంది. రోజంతా నిలబడేదాన్నేగా. నువ్వు పడుకో. నాకు అలవాటే."

మెట్ల మీద అడుగుల చప్పుడు లేదు. తలుపు అవతల ఊపిరి లేదు. కంటికొసన ఆమెకి కనిపించిందల్లా పిల్ల మొహం ఒక్కటే. అది తల్లి వైపు చూడటం లేదు. తల్లి పక్కన, బీరువా వైపు, ఏమీ లేని చోటుకి తలెత్తి చూస్తోంది. పెద్దవాళ్లు చెప్పేది శ్రద్ధగా వింటున్నట్టు చూస్తోంది. చూసి, బుద్ధిగా తలూపింది.

"అమ్మా" అంది. "పెద్దయ్యేదాకా ఆగక్కర్లేదట."

చెయ్యి వదిలేసింది. తలుపు తెరుచుకుంది. చిన్న చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూ, సందు చివర దుకాణం వైపు పోయింది.